పెదెమె కొండకి నీళ్ళు

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మా ఊళ్ళో మగవాళ్ళు లేరు. విల్లు వంచగలిగిన ప్రతివాడూ ఏటికి ఎగువన, దక్షిణంగా, రాణి దగ్గరికి వెళ్ళిపోయాడు. మా ఆయన మలోతొన్ కూడా వెళ్ళాడు. పెళ్ళయ్యాక మా ఇంటికి ఇంకా ఒక్క పంటైనా రాలేదు అప్పటికి. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్త లపకిదీ. ఊరి నెత్తిమీద, పెదెమె కొండ కోటలో, రోము సైనికులు.

వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారో మా ఊళ్ళో మాటలొచ్చిన ఏ పిల్లనడిగినా చెప్పేది. రోము వాళ్ళు ఈజిప్టును మింగారు. మింగిన నోరు తుడుచుకోకుండానే మా నేల మీద కూడా పన్ను వేశారు. మా ఒంటికన్ను రాణి ఒప్పుకోలేదు. సరిహద్దు దాటి సయెనె పట్నం మీద పడి, అక్కడి రోము చక్రవర్తి కైసరు విగ్రహాలు పడగొట్టించింది. అందుకు వాళ్ళ పెద్ద సైన్యం వచ్చి మా ఊళ్ళు కాల్చింది. తిరిగిపోతూ పోతూ ఈ కొండ మీద ఒక దండును దింపింది. ఏళ్ళ తరబడి తిన్నా తరగని గోధుమలు పైకి చేరవేసుకున్నారు. నీళ్ళు మాత్రం చేరవేసుకోలేకపోయారు.

పెదెమె కొండ ఒట్టి రాయి. ఎంత తవ్వినా చెమ్మ తగలదు. నైలు కిందనే పారుతూ కనిపిస్తుంటుంది, కానీ చూస్తే దాహం తీరదు కదా. ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఆ పని మా మెడ మీద పడింది.

చాటింపు వేయడానికి ఒక దుబాసీ వచ్చాడు. పేరు పహోరు. ఈజిప్టువాడు, సయెనె మనిషి. గడ్డం నెరుస్తోంది. మా భాష వచ్చు గానీ ఆడా మగా తేడా లేకుండా మాట్లాడేవాడు.

"ఇంటికొక ఆడమనిషి పొద్దున్నే ఏటి దగ్గరికి రావాలి. రాకపోతే ఆమె దెబ్బలు తింటాడు" అన్నాడు గట్టిగా.

మా పక్కింటి షవియె వెంటనే అందుకుంది. "మా ఇంట్లో వాడు లేడయ్యా, రాణి దగ్గరికెళ్ళాడు. వచ్చాక కొట్టుకో."

అందరం నవ్వాం. అతనికి అర్థమయ్యేసరికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక అతను కూడా నవ్వబోయి, వెనకాల ఉన్న సైనికుల్ని చూసి మానుకున్నాడు.

"నేను పోతా" అంది అత్త ఆ సాయంత్రం. "నువ్వు ఇంట్లో పిండి విసురు."

"నువ్వెందుకత్తా, నేను వెళ్తాను."

"నీ మెడ ఎప్పుడన్నా చూసుకున్నావా? కొంగకుంటది అట్టాంటి మెడ. రెండో మలుపులోనే విరుగుద్ది. నా కొడుకొచ్చి అడిగితే ఏం చెప్పాలి నేను?"

ఆవిడ మాట ఎప్పుడూ అంతే. నేను చేసిన సంకటి జారు, నేను కాల్చిన చేప చేదు, నా నడక నిద్రలో నడక. నన్ను తెచ్చింది ఆవిడ కొడుకు, ఆవిడ కాదు. ఆ సంగతి ఏదో ఒక వంకన రోజూ గుర్తుచేసేది. అయినా మర్నాడు నేనే వెళ్ళాను. చుట్టకుదురు సర్దుకుంటుంటే వెనకాలే వచ్చి, దాన్ని లాగి మళ్ళీ తనే చుట్టి నా తలమీద పెట్టింది.

కొండ దారి మలుపులు మలుపులుగా, రాతిలో మెట్లు తొలిచి ఉంటుంది. పొద్దు పైకి వచ్చేలోగా ఎక్కెయ్యాలి, లేకపోతే రాళ్ళు పాదాలు కాలుస్తాయి. వేసవి ముదిరేకొద్దీ ఏరు సన్నబడి దూరం జరిగింది. బురద దాటి, ఇసక దాటి, ఆ తర్వాత కొండ. పైన సైనికులు కుండల్ని తోలుతిత్తుల్లోకి వంపుకుని ఖాళీవి మా చేతుల్లో పెట్టేవారు. వాళ్ళలో చాలామంది కుర్రవాళ్ళే. ఎండకి ముక్కులు తోలు ఊడి ఎర్రగా ఉండేవి. వాళ్ళ దళపతి వరియస్ మాత్రం మాతో మాట్లాడేవాడు కాదు. ఏం చెప్పినా పహోరు వైపు చూసే చెప్పేవాడు, మేం అక్కడ లేనట్టు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం షవియె ఏటి ఒడ్డున చేపలు కడుగుతూ గొంతు తగ్గించి చెప్పింది. రాణి కదిలింది. ఆవిడ దండు ఎగువన ఏట్లో రాళ్ళ మడుగులు దాటి ఇటే వస్తోంది. ఎగువ నుంచి పశువులు తోలుకొచ్చినవాడు కళ్ళారా చూశాడట.

మాకు తెలిసినది కొండ మీదవాళ్ళకీ తెలిసినట్టుంది. మర్నాడే పహోరు కొత్త చాటింపుతో దిగాడు. కోటలో పాతకాలం నాటి రాతి తొట్లు ఉన్నాయి. వాటిని నింపాలి. ఇక మీదట ఇంటికొకరు చాలరు, నడవగలిగిన ప్రతి ఆడదీ రావాలి.

"తొట్లన్నీ నిండితే ఏమవుద్ది?" అని అడిగింది షవియె.

మా అత్త వేళ్ళతో ఇసక గీస్తూ కూచుంది. "ఏమవుద్ది? వాళ్ళు గోడెనకాల నీడన కూచుని తాగుతారు. మనోళ్ళు ఎండలో నాలిక పిడచకట్టుకుపోయి పైకెక్కాల. పైనుంచి రాళ్ళు దొర్లిస్తారు. ఇన్ని నీళ్ళుంటే ఏరు పొంగేదాకా దొర్లిస్తానే ఉంటారు."

"మోయనంటే?"

"మోయనంటే కొడతారు. ఏం, నీకు తెలవదా?"

 చేపలు పట్టుకుని ఇళ్ళకి పోయాం.

మర్నాడు పొద్దున్న అందరం బారుగా కొండ ఎక్కుతున్నాం. నా ముందు కొందరు, వెనక అత్త, ఆవిడ వెనక షవియె. రెండో మలుపు దగ్గర ఒక బండ వంగి కాస్త నీడ ఇస్తుంది. అక్కడికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. ముందుగా అనుకున్నదేమీ లేదు. మా ఆయన కాళ్ళు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు విరిగి అతుక్కున్న ఎడమకాలు, మెట్లెక్కేటప్పుడు కాస్త ఆలస్యంగా లేస్తుంది. ఈ మెట్ల మీద అతను ఎంత నెమ్మదిగా ఎక్కుతాడో కళ్ళకి కట్టింది. కుండ దించి పక్కన పెట్టి, బండ నీడలో కూచున్నాను.

అత్త వచ్చి నా నెత్తిన నిలబడింది. తిట్టు కోసం తల వంచుకున్నాను.

"కొంచెం జరుగు" అంది.

జరిగాను. తన కుండ దించి నా పక్కన కూచుంది. షవియె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అమ్మయ్య, నా మోకాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నాయి" అంటూ కూలబడింది. ఆ తర్వాత వెనక ఉన్నవాళ్ళు. ముందు పోయినవాళ్ళు కూడా తిరిగి చూసి ఎక్కడివాళ్ళక్కడ మెట్ల మీద కూచున్నారు.

కాసేపటికి పైనుంచి దళపతి వరియస్ దిగి వచ్చాడు. పహోరు, నలుగురైదుగురు సైనికులు వెంట ఉన్నారు. వరియస్ చాలాసేపు అరిచాడు. మెడ నరాలు తేలాయి.

"లేవమంటున్నారు" అన్నాడు పహోరు.

"అంత పొడుగు మాటకి ఇంతేనా?" అంది అత్త.

"మిగతాది మీకు పనికిరాదు, లపకిదమ్మా."

"అయితే ఆయన్ని అడుగు. వాళ్ళమ్మ ఆయనకి ఎన్ని కొండలెక్కి నీళ్ళు తెచ్చి పోసిందో."

పహోరు దళపతికి ఏదో చెప్పాడు. వరియస్ ఆకాశం వైపు చూసి కొద్దిగా తలాడించాడు.

"ఏం చెప్పావయ్యా?" అంది అత్త.

"మీకు ఎండదెబ్బ తగిలిందన్నాను."

షవియెకి నవ్వు ఆగలేదు. ఆమె నుంచి మెట్టు మెట్టూ ఎక్కి ఆ నవ్వు పైదాకా పోయింది. వరియస్‌కి భాష తెలియకపోయినా నవ్వు తెలిసింది. పహోరు చెంప మీద ఫెడీమని కొట్టాడు. సైనికుల్లో ఒకడు ఈటె తిరగేసి షవియె కుండ పగలగొట్టాడు. నీళ్ళు మెట్లమీదుగా కిందికి పోయాయి. ఆ రాతికి ఎంత దాహమో, రెండు మలుపులు కూడా దాటలేదు ఆ నీళ్ళు. ఆ తర్వాత వాళ్ళు మా అత్త రెట్టలు పట్టుకుని లేపారు.

పహోరు పెదవి చిట్లి రక్తం వస్తోంది. "ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తున్నాను" అన్నాడు నా వైపు చూసి. "ఈవిడని పైకి తీసుకుపోతున్నారు. కింద నుంచి నీళ్ళు వచ్చేదాకా ఈవిడకి చుక్క నీళ్ళు ఇవ్వరు."

అత్త పెనుగులాడలేదు. వెళ్తూ వెళ్తూ తిరిగి, "ఒక్క కుండ పైకొచ్చిందంటే, నా పొయ్యి నువ్వు ముట్టుకోబాక" అంది నాతో.

ఆ సాయంత్రం కోటగోడ మీద ఆవిడ కనిపించింది. గోడకి ఆనుకుని, దూరానికి పిట్టంత. మేమంతా కింద గుమిగూడితే ఆవిడ గొంతు దిగి వచ్చింది. "షవియె, మేకని కట్టేశారా? ఆ పిల్లకి పొదుగు పట్టడం చేతకాదు, నువ్వు చూసుకో." మర్నాడు కూడా పిలిచింది, కానీ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నీళ్ళు మాత్రం పైకి పోలేదు. సైనికులే తిత్తులు పట్టుకుని దిగి మోసుకున్నారు. కవచాలతో ఇసకలో అడుగు తీసి అడుగు వేయలేక ఆపసోపాలు పడుతుంటే మా ఊరి ముసలమ్మలు గుమ్మాల్లో కూచుని, "మెల్లగా నాయనా, మెల్లగా" అని సానుభూతి చూపించారు. కుర్రాళ్ళు తాము తాగడానికే సరిపడా తెచ్చుకోలేకపోయారు. తొట్లు నింపడం మాట అటుంచి.

ఆ మరుసటి రోజు పొద్దున్న గోడ మీద అత్త లేదు.

చాలాసేపు చూశాను. ఎండ ఎక్కింది. పేరు పెట్టి పిలిచాను, అప్పటిదాకా ఎన్నడూ పిలవని పేరు. పలకలేదు. ఇంట్లోకి వెళ్ళి కుండ తీసుకుని ఏటికి పోయాను. నింపి తలమీద పెట్టుకున్నాను. షవియె ఎదురొచ్చి చేతులు చాపి దారికి అడ్డం నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. నేను ఆమెని తప్పించుకుని నడిచాను. ఆవిడ చావడం కంటే నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వకపోవడం మేలనిపించింది.

కొండ మొదట్లో, తిత్తులు మోస్తున్న సైనికుల వెనక పహోరు దిగుతున్నాడు. నా పక్కకి వచ్చి వంగి, చెప్పు తోలు బిగించుకుంటున్నట్టు నటించాడు.

"దించు. బతికే ఉన్నాడు మీ అత్త."

నేను గోడ వైపు చూశాను.

"నీడకి మార్చారు. అందుకే కనపడటం లేదు. నా వాటా నీళ్ళలో సగం ఆవిడే తాగుతున్నాడు. మిగతా సగం ఎందుకు దాచావని తిడుతున్నాడు." లేచి నిలబడి నా కుండ వైపు చూశాడు. "ఇది పైకి తీసుకెళ్తే మీ అత్త నిన్ను కాదు, నన్ను చంపుతాడు."

కుండ ఇసకలో వంపేశాను. ఏడుస్తూ నవ్వుతున్నానో నవ్వుతూ ఏడుస్తున్నానో షవియెకే తెలియాలి, నన్ను పట్టుకున్నది ఆమే.

ఆ మధ్యాహ్నమే దక్షిణాన దుమ్ము లేచింది. సాయంత్రానికి ఏటికి ఎగువన మా వాళ్ళ గుడారాలు కనిపించాయి. రాణిని నేను చూడలేదు. చూశామని ఆ తర్వాత ఊళ్ళో చాలామంది చెప్పుకున్నారు. నాకు కనిపించింది పొగలు, పశువులు, కనుచూపు మేర మనుషులు. అందులో మా ఆయన ఎక్కడో ఉన్నాడు. ఒడ్డున బాణాలు పడటం మొదలయ్యాక సైనికులు నీళ్ళకి దిగడం మానేశారు. ఇంకొన్ని రోజులు ఆగితే కోట తలుపులు తమంతట తామే తెరుచుకుంటాయని అందరం అనుకున్నాం.

అలా జరగలేదు. ఈజిప్టు నుంచి రోము పెద్ద అధికారి సైన్యంతో ముందే వచ్చి పడ్డాడు. ఒడ్డు పొడుగునా వాళ్ళ డాళ్ళు మెరిశాయి. రెండు సైన్యాల మధ్య మా ఊరు, రెండు రాళ్ళ మధ్య గింజలా. అందరం సామాన్లు మూట కట్టుకుని, ఎటు పరిగెత్తాలో తెలియక, మూటల మీదే కూచున్నాం.

యుద్ధం జరగలేదు. రాణి మాట్లాడటానికి మనుషుల్ని పంపింది. పోట్లాడటమే కాదు, ఎప్పుడు మాట్లాడాలో కూడా తెలిసిన మనిషి ఆవిడ. రోము అధికారి, పన్ను సంగతి తన చేతిలో లేదు, కైసరునే అడుక్కోండి అన్నాడట. మా వాళ్ళు, "కైసరంటే ఎవరు? ఎక్కడుంటాడు? ఇల్లు చూపిస్తే అక్కడికే వస్తాం" అన్నారట. ఈ మాట ఊళ్ళోకి వచ్చాక షవియె దాన్ని ఎన్నిసార్లు చెప్పుకుందో. చివరికి దారి చూపడానికి మనుషుల్నిచ్చి రాయబారుల్ని సముద్రం దాటించారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎవరి చోట వాళ్ళు కదలకుండా ఉండాలని ఒప్పుకున్నారు.

ఆ ఒప్పందంలోనే పట్టుకున్నవాళ్ళని వదలాలని కూడా ఉంది. అత్త కొండ దిగింది. ఒకచేయి పహోరు భుజం మీద వేసి, మెట్టుకొకసారి ఆగుతూ దిగింది. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. నేను ఎదురు పరిగెత్తి రెండో చేయి పట్టుకున్నాను. నా ముఖం పరీక్షగా చూసింది.

"పిండి విసిరావా?" అంది.

"విసిరానత్తా."

"సంకటి చెయ్యి. ఈయనక్కూడా."

ఏరు పొంగింది. బురద కప్పిన పొలాల మీద కొంగలు వాలాయి. ఖర్జూరాలు ఎర్రబడ్డాయి. మా మగవాళ్ళు ఎగువనే గుడారాల్లో ఉన్నారు, కొండ మీద రోము వాళ్ళు ఉన్నారు, మేం మళ్ళీ నీళ్ళు మోయలేదు. దండుకి గాడిదలు తెప్పించారు. వాటిని ఏటికి తోలుకొచ్చే పని పహోరు అడిగి పుచ్చుకున్నాడు. గాడిదలు తాగేలోపు మా గుమ్మం దగ్గర కూచునేవాడు. మొదట్లో అత్త అతని భాష దిద్దుతూ ఉండేది. తర్వాత దిద్దడం మానేసి అతను చెప్పేది వినడం మొదలుపెట్టింది.

అలా ఒకరోజు విన్నాం. భార్య జ్వరంతో పోయాక అతనికి మిగిలింది ఒక పడవ. సయెనె రేవులో అటూ ఇటూ జనాన్ని దాటించేవాడు, మా భాష అలా వచ్చింది. మా దండు పట్నం మీద పడ్డ రోజున రేవులో పడవలన్నీ తగలబెట్టారు. బతుకు లేక తిరుగుతుంటే, రెండు భాషలు వచ్చని రోము వాళ్ళు పట్టుకొచ్చారు.

అత్త నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. పడవలకి నిప్పు పెట్టిన గుంపులో తను ఉన్నట్టు మలోతొన్ గొప్పగా చెప్పుకునేవాడు మా ముందు.

"నా కొడుకు ఉన్నాడు అందులో" అంది అత్త. దాచలేదు.

పహోరు గాడిద తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు సంకటి తినకుండానే లేచి వెళ్ళాడు. మర్నాడు గాడిదల్ని ఎవరో సైనికుడు తోలుకొచ్చాడు. ఆ మర్నాడూ అంతే. అత్త నాతో తగువు పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. ఆ తర్వాత ఒక పొద్దున్న గుమ్మంలో గాడిద తల కనిపించింది. దాని వెనక పహోరు.

"వాడు చిన్నవాడు కదా అప్పుడు" అన్నాడు, మధ్యలో ఆగిన మాట పూర్తి చేస్తున్నట్టు.

అత్త లేచి లోపలికి వెళ్ళి అతనికి గిన్నె తెచ్చింది.

చలి మొదలయ్యాక రాయబారులు వచ్చారు. అడిగినవన్నీ కైసరు ఇచ్చాడు. పన్ను రద్దు. పెదెమె మీది దండు ఎత్తేస్తారు. ఈ కబురు తెచ్చినవాడిని మా ఊరివాళ్ళు మోసుకుని తిప్పి, జొన్న కల్లులో ముంచినంత పని చేశారు. సైనికులు కొండ దిగి ఉత్తరానికి నడిచిన రోజున వాళ్ళతో పహోరు లేడు. చెప్పాల్సిన మాటలన్నీ అయిపోయాయి కాబట్టి అతన్ని ఎవరూ వెతకలేదు. అత్త ఊరి పెద్దల ఎదుట ఒక్క మాటే చెప్పింది, "ఈయన మా ఇంట్లో ఉంటాడు" అని. ఎలా ఉంటాడని అడిగే ధైర్యం ఎవరికి ఉంది? నేను ఆ సాయంత్రమే అతన్ని "మావా" అని పిలిచాను. అతను ఖర్జూరాలు ఆరబోస్తూ నన్ను కాదేమో అన్నట్టు వెనక్కి చూశాడు.

మలోతొన్ రెండు రోజులకి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. నన్ను చూసి నవ్వి, విల్లు గోడకి ఆనించి, అప్పుడు చూశాడు పొయ్యి దగ్గర కూచున్న మనిషిని.

"ఎవరమ్మా ఈయన?"

"పహోరు. ఈయన నీళ్ళిస్తేనే నేను బతికున్నా." ఆవిడ రొట్టె తిప్పుతూ చెప్పింది. "ఇకమీద ఇక్కడే ఉంటాడు."

మా ఆయన ముఖం బిగిసింది. "రోము వాళ్ళ దుబాసీ గురించి దారిలో చెప్పారు. నువ్వేనా?"

"నేనే."

"ఏ ఊరు?"

"సయెనె. రేవులో పడవ ఉండేది."

పొయ్యిలో పుల్ల చిటపటమంది. అత్త రొట్టె మాడుతోంది, తీయలేదు. మలోతొన్ నా వైపు చూశాడు. నేను ఈసారి చూపు తిప్పుకోలేదు. అతను మెల్లగా వచ్చి, పహోరుకి ఎదురుగా కింద కూచున్నాడు.

"ఆ రేవుకి నేను వచ్చాను" అన్నాడు.

"తెలుసు. మీ అమ్మ చెప్పింది."

నేను గిన్నెలు తెచ్చి ఇద్దరి మధ్యలో పెట్టాను. అత్త మాడిన రొట్టె తను ఉంచుకుని మంచివి వాళ్ళకి వేసింది.

"దేనితో చేస్తారు మీవైపు పడవలు?" అని అడిగాడు మా ఆయన చివరికి.

"తుమ్మతో. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి. ఎండితే గొడ్డలి దిగదు."

మలోతొన్ రొట్టె తుంచి, గిన్నె అతని వైపు జరిపాడు.

"అయితే రేపే తుమ్మ కొట్టడానికి పోదాం" అన్నాడు.